హెక్సేన్ తొట్టి, ఒంటి చెప్పులు

ఎండకాలం, 9వ రోజు

ఈ పుస్తకంలో ద్రావకం లోటు మాత్రమే రాయాలని, సొంత గోడు రాయకూడదని వెంకోబరావు గారు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి పెట్టారు. పై ఎండకు తాళలేక మేమంతా కాపురముంటున్న ఈ పాత గనికి ఆయన పెద్ద. కాబట్టి ముందు లోటు రాస్తాను. ఈ ఉదయం నిల్వ తొట్టిలో కొలబద్ద ముంచితే నిన్నటికంటే ఆరు లీటర్లు తక్కువ చూపించింది. మామూలుగా తగ్గేది రెండు. నాలుగైదు నెలలుగా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. ఇక గోడు: మిగతా నాలుగు లీటర్లు ఎవరు మింగారు?

మింగితే బతకరు, అది వేరే సంగతి. అది హెక్సేన్. తవుడులో ఉన్న నూనె గానుగకు లొంగదు, హెక్సేన్‌కు లొంగుతుంది. తవుడు మీద పోస్తే లోపలికంటా దూరి, నూనెను కరిగించి వెంట తీసుకొస్తుంది. ఆ రెండింటినీ కలిపి వేడి చేస్తే అరవై తొమ్మిది డిగ్రీల దగ్గర హెక్సేన్ ఆవిరైపోతుంది, నూనె మిగులుతుంది. ఆవిరిని చల్లబరిచి మళ్ళీ తవుడు మీదే పోస్తాం. నేను ఈ మిల్లుకు వచ్చిన ఇరవై రెండేళ్ళలో కొత్తది ఒక్క చుక్క రాలేదు. అది పెట్రోలులోంచి విడదీసిన సరుకు, పెట్రోలు మా తాతల కాలంలోనే అయిపోయింది. ఉన్నది మూడు వేల ఆరు వందల లీటర్లు. రోజుకు రెండు పోతే దాదాపు ఐదేళ్ళు నడుస్తుంది. ఆరు పోతే రెండేళ్ళు కూడా రాదు. ఆ తర్వాత గనిలో పదకొండు వందల మందికీ తాళింపు ఉండదు, సబ్బు ఉండదు.

అందుకని మిల్లంతా వెతికాను. కారిన చోటు లేదు. నేల దగ్గర పెట్టిన గ్యాసు మీటర్లు కూయలేదు. హెక్సేన్ ఆవిరి గాలికంటే బరువు, కారితే ముందు నేల మీదే పాకుతుంది.

ఇక మిగిలింది తేర్పుడు తొట్టి. చల్లబడ్డ హెక్సేన్‌తో పాటు కొంచెం నీళ్ళూ దిగుతాయి. రెండూ కలవవు. నీళ్ళు అడుగున, హెక్సేన్ పైన. అడుగు కుళాయి తిప్పి నీళ్ళు వదిలేసి, హెక్సేన్ వస్తుండగానే కట్టేయాలి. చూపుకు రెండూ ఒకటే, రంగు లేనివి. తొట్టికున్న అద్దం గొట్టం ఆరేళ్ళ కిందట పగిలింది. అప్పటినుంచి నా కుడిచేతి చూపుడు వేలే అద్దం. ధార కింద వేలు పెడతాను. నీళ్ళయితే ఊరికే తడుస్తుంది. హెక్సేన్ అయితే తగలగానే ఆవిరై ఎగిరిపోతూ చల్లగా చురుక్కుమంటుంది. గనిలో దీన్ని నా పేరుతోనే చౌడక్క వేలు అంటారు. ఎవరికీ ఇలాంటి వేలు లేదు. కనుక తొట్టి దగ్గర తప్పు జరగదు.

అంటే దొంగతనమే.

ఎండకాలం, 11వ రోజు

లోటు ఏడు.

కింది వరస ఇళ్ళ నుంచి మిల్లుకు వచ్చే మెట్ల మీద ఒక చెప్పు దొరికింది. ఒకటే. ఎడమకాలిది. చెప్పు పోగొట్టుకున్నవాడు రెండడుగులు వేయగానే వెనక్కి చూసుకుంటాడు కదా? ఇది అలాగే పడి ఉంది. ఎవరో చప్పుడు కాకుండా వట్టికాళ్ళతో వచ్చి, కంగారులో పారిపోయినట్టు ఉంది.

నాతో పనిచేసే దస్తగిరికి చూపించాను. నలభై ఏళ్ళ మనిషి, మాట నెమ్మది. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ పడదు.

"చెప్పే కదక్కా. తెగి పడిపోయుంటాది."

"తెగలేదు, చూడు. వారు గట్టిగా ఉంది."

"అయితే ఊడిపోయుంటాది."

"నడిచే మనిషి కాలికి తెలీకుండా ఊడుతుందా?"

టీ గ్లాసు అందించాడు. అది నా చేతిలోంచి జారి పడి చొట్ట పోయింది. గ్లాసుకు నూనె అంటి ఉంటుంది. నూనె చేతులతో గ్లాసులు ముట్టుకోవద్దని వందసార్లు చెప్పాను.

అతను గ్లాసు తీస్తూ ఇంకోమాట అన్నాడు. "తొట్టిలోకి ఒగ యాపమాను చెక్క బిళ్ళ ఏసి దారం కడదామా అక్కా? చెక్క హెక్సేన్‌లో మునుగుతాది, నీళ్ళ మింద తేల్తాది. దారం యాడికి దిగిందో చూసి కుళాయి కట్టేయొచ్చు. ఏలు పెట్టే పని ల్యాకుండా పోతాది."

వేలు పెట్టే పని లేకుండా పోతే ఇక నేనెందుకు? అతని కన్ను నా పని మీద ఉందని అప్పుడే అర్థమైంది. అక్కర్లేదన్నాను.

ఎండకాలం, 14వ రోజు

లోటు తొమ్మిది. ఇంకో రెండు ఒంటి చెప్పులు. ఒకటి తవుడు గదిలో, ఒకటి మిల్లు గుమ్మం దగ్గర.

గుమ్మం దగ్గర మేమంతా సొంత చెప్పులు విడిచి, రాగి రేకు ముట్టుకుని, మిల్లు గుడ్డ జోళ్ళు తొడుక్కుంటాం. ఒంట్లో పుట్టిన కరెంటు రాగిలోకి దిగకపోతే ఒక్క రవ్వతో గని అంతస్తులన్నీ ఎగిరిపోతాయి. ఆ వరుసలో జతలే ఉండాలి. అక్కడ ఒంటి చెప్పు కనబడితే వరుస మొత్తం రెండుసార్లు లెక్కపెట్టాను.

చెప్పుల గురించి ఆలోచిస్తుంటే దారి దొరికింది. పాత టైరు రబ్బరు తురిమి హెక్సేన్‌లో నానబెడితే మంచి జిగురు అవుతుంది. పూర్వం చెప్పుల దుకాణాల్లో అతికించింది అలాంటి జిగురుతోనే. ఇప్పుడు గనిలో చెప్పులు కుట్టేవాడు ఒక్కడే, మద్దిలేటి. కింది వరసలో కాపురం, మిల్లుకు తవుడు మూటలు మోస్తాడు, ఖాళీ దొరికితే చెప్పులు బాగుచేస్తాడు. దొరికిన మూడు చెప్పుల్లో ఒకటి అతనిదే.

మూట దించగానే నిలదీశాను.

"నీ చెప్పు తవుడు గదిలోకి ఎలా వచ్చింది మద్దిలేటీ?"

"ఊడిపోయిందక్కా."

"ఊడిపోతే తెలీదా?"

కాళ్ళకేసి చూసుకున్నాడు. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు ఉన్నాడు. "ఈమధ్య తెలీడంల్యా," అన్నాడు.

"జిగురు దేంతో చేస్తున్నావు?"

"జిగురా? దారంతోనే కుడతాండా కదక్కా. నీ చెప్పులూ నేనే కుట్టిస్తి."

నిజమే, కుట్టాడు. దొంగ జిగురు ఇంట్లోనే దాచుకుంటాడు గానీ నా చెప్పులకు పూస్తాడా? అతను మెట్లు దిగుతూ పాదాలు ఎత్తి ఎత్తి వేశాడు, బురదలో నడిచే కొంగలా. దొంగ నడక అని రాసుకున్నాను.

ఎండకాలం, 17వ రోజు

లోటు పది. ఈ రోజు మధ్యాహ్నం కింది వరసకు వెళ్ళి మద్దిలేటి ఇల్లు సోదా చేశాను. వెంకోబరావు గారి అనుమతితోనే.

కింది వరస అంటే మా మిల్లుకు సరిగ్గా కింద ఉన్న నాలుగో నేల, పై నుంచి నాలుగో అంతస్తు. పద్నాలుగు ఇళ్ళు, తలుపులు లేవు, గోనె తెరలు. నేల చల్లగా ఉంటుందని అందరూ చాపల మీదే కూర్చుంటారు, చాపల మీదే పడుకుంటారు. గ్యాసు మీటర్లు పైకప్పుకు ఉన్నాయి. పాయిఖానా గ్యాసు పైకి లేస్తుంది కదా, దానికోసం పెట్టినవి. పచ్చగా వెలుగుతున్నాయి.

మద్దిలేటి భార్య పుల్లమ్మ నన్ను ఆపలేదు. "చూసుకో అక్కా, ఉండేదే ఇంత," అంది.

డబ్బా దొరకలేదు. కానీ వంగి చాప ఎత్తేసరికి వాసన కొట్టింది. హెక్సేన్! నా ముక్కుకు ఇరవై రెండేళ్ళుగా అలవాటైన వాసన. ఇంకేం కావాలి? గోడ పక్కన ఇంట్లో వాళ్ళందరి చెప్పులూ ఉన్నాయి, ప్రతి చెప్పుకూ ఒక తాడు. కాలిమడమకు చుట్టి ముడి వేసుకునే తాడు.

"ఇవెందుకు?"

"చెప్పులు ఊడిపోకుండా."

పరుగెత్తేటప్పుడు ఊడిపోకుండా అన్నమాట. మూడు జారవిడుచుకుని బుద్ధి తెచ్చుకున్నారు. మద్దిలేటి చెప్పుల తాళ్ళు విప్పి రుజువుగా తెచ్చాను, ఇక్కడ నా బల్ల సొరుగులో ఉన్నాయి. నివేదికలో మూడు ముక్కలు రాశాను: ఇంట్లో ద్రావకం వాసన ఉంది, చెప్పులు మిల్లులో దొరికాయి, పారిపోవడానికి తాళ్ళు సిద్ధం చేసుకున్నారు. ఇంత చక్కగా కుదిరిన నివేదిక నేను ఎప్పుడూ రాయలేదు.

వెంకోబరావు గారు మద్దిలేటికి ఇరవై రోజులు పై పని శిక్ష వేశారు.

ఎండకాలం, 18వ రోజు

మద్దిలేటి పొద్దున్నే పైకి వెళ్ళాడు.

పై పని అంటే భూమి మీద ఎండ పలకలు తుడవడం. మా కరెంటు అక్కడిదే. తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే షెడ్డులోకి దిగాలి. పైన గడియారాలు ఆగిపోతాయి, వేడికి బతకవు. పలకల మధ్య ఇనప బాట మీద నడుస్తుంటే చెప్పుల్లోంచి కూడా అరికాలు చురుక్కుమంటుంది చూడండి, అదే గంట. ఎవరి కాలు వాళ్ళకు చెబుతుంది. నేను కూడా చిన్నతనంలో రెండు నెలలు చేశాను.

లిఫ్టు ఎక్కుతూ నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే నాకు బాగుండేది.

"నా తాళ్ళు ఇయ్యక్కా," అన్నాడు.

"అవి రుజువు."

తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడని రాద్దామనుకున్నాను. కానీ అలా లేడు.

ఎండకాలం, 21వ రోజు

లోటు పదకొండు.

మద్దిలేటి పైకి పోయి మూడు రోజులైంది, లోటు తగ్గాల్సింది పోయి పెరిగింది. అంటే దొంగ ఒక్కడు కాదు. దస్తగిరి మీద కన్నేశాను. నిన్న అతని సంచి వెతికాను. రెండు ఉల్లిపాయలు, ఒక దువ్వెన. నేను వెతికానని తెలిసి కూడా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అనుమానం.

నా చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఈమధ్య చాలాసేపు పడుతోంది. కొత్త బొత్తాలు నున్నగా ఉన్నాయి, పాతవే నయం. చూపుడు వేలి కొసన బొబ్బ ఒకటి లేచింది, ఎప్పుడు కాలిందో గుర్తులేదు.

వెంకోబరావు గారు కనబడి, "మద్దిలేటి అందరి కంటే ఆలస్యంగా దిగుతున్నాడంటమ్మా. పనిమంతుడే. శిక్ష తగ్గిద్దామా?" అన్నారు. జాలి కొట్టేయడానికి వేసే వేషం అది, నమ్మకండి అన్నాను.

ఎండకాలం, 23వ రోజు

అక్షరాలు ఎలా ఉన్నా సరే, వరుసగా రాస్తాను.

పొద్దున పుల్లమ్మ మిల్లు గుమ్మం దగ్గరకు వచ్చింది. పిల్లలకు ఉమ్మడి వంటగది నుంచి గంజి తీసుకుపోతూ ఆగింది. స్టీలు చెంబును చెంగుతో పట్టుకుని ఉంది. దాన్ని గడప మీద పెట్టి చేతులు జోడించింది.

"మాయన తాళ్ళు ఇయ్యక్కా. లిఫ్టు మనిషితో పంపుతా. తాళ్ళు ల్యాకుంటే చెప్పు ఊడినా తెల్దు ఆయనకి."

"మళ్ళీ అదే మాట. దారిలోంచి చెంబు తియ్," అని, తనకంటే ముందు నేనే వంగి చెంబును రెండు చేతులతో పట్టి పక్కకు పెట్టాను.

పుల్లమ్మ కేక పెట్టింది. "అక్కా! పొయ్యి మీంచి ఇప్పుడే దించింది!"

అరచేతులు చూసుకున్నాను. ఎర్రగా కమిలి ఉన్నాయి. నాకేమీ తెలియలేదు. వేడి లేదు, మంట లేదు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు ఉంది.

పుల్లమ్మ నా చేతుల్ని చూసింది, నా మొహం చూసింది. ఆమె గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నీకూ వచ్చిందా అక్కా? మాకు కాళ్ళకాడ మొదులయింది. ముందు తిమ్మిరి మాదిరి. ఇప్పుడు నేల ఉండాదో ల్యాదో కూడా తెల్దు. వరస వరసంతా అంతే. చెబితే పనికిరాని కాళ్ళని పనిలోంచి తీసేస్తారని ఎవురూ చెప్పల్యా."

గ్లాసు జారింది. బొత్తాలు. బొబ్బ. ఇవన్నీ నేనే రాశాను, ఈ పుస్తకంలోనే, నా చేత్తోనే.

దస్తగిరిని పిలిచాను. తేర్పుడు తొట్టి దగ్గరకు తీసుకెళ్ళి కుళాయి తిప్పాను. ధార కింద ఇద్దరం వేళ్ళు పెట్టాం. నా వేలికి తడి కూడా సరిగా తెలియలేదు. కాసేపటికి అతను వేలు వెనక్కి లాక్కుని, "వచ్చేసిందక్కా, కట్టెయ్," అన్నాడు. నేను బకెట్ పెట్టి, ధార అందులోకి పడుతుంటే, నా వేలు చెప్పేదాకా ఆగాను. లెక్కపెట్టాను. ఇరవై. ముప్పై. "అక్కా, పోతాంది కదక్కా!" అన్నాడు. తొంభై దాటాక ఎక్కడో దూరంగా చలిలాంటిది తగిలింది.

రోజుకు నాలుగు సార్లు నీళ్ళు వదులుతాను. బకెట్‌లో ఉన్నదాన్ని నాలుగుతో హెచ్చవేస్తే పాత లోటు మీద ఎంత పెరిగిందో అంతా వచ్చింది. దొంగ దొరికింది. నా కుడిచేతి చూపుడు వేలు.

ఆ కుళాయి కింది కాలువ పాత గొట్టంలోంచి నాలుగో నేలకు దిగి, కింది వరస గోడ వెంట పోతుంది. హెక్సేన్ నీళ్ళ మీద తేలుతూ పోయి అక్కడ ఆవిరవుతుంది. బరువైన ఆవిరి, నేల మీద, చాపల మీద. మీటర్లు పైకప్పుకు ఉన్నాయి. వాళ్ళు నెలల తరబడి అక్కడే పడుకుని నేను వదిలిందే పీల్చారు. ఆ వాసననే నేను రుజువని రాశాను. ఇరవై రెండేళ్ళు పీల్చి నా వేళ్ళు పోయాయి, నా వేళ్ళు పోయి వాళ్ళ కాళ్ళు పోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పైన గంట లేదు. ఎవరి కాలు వాళ్ళకు చెబుతుంది.

వెంకోబరావు గారి గదికి ఎలా వెళ్ళానో తెలియదు. ఆయన పుస్తకం తీసి, "నిదానంగా చెప్పమ్మా, ముందు రాసుకోనీ," అన్నారు. నేను నా అరచేతులు ఆయన బల్ల మీద పెట్టాను. బొబ్బలు పొంగుతున్నాయి.

"రాసేది తర్వాత. పైన అందరూ దిగారా అడగండి."

ఆయన పైకి మాట్లాడే గొట్టంలోకి అడిగారు. అందరూ దిగి చాలాసేపయిందని, మద్దిలేటి ఒక్కడే ఇంకా తుడుస్తున్నాడని జవాబు వచ్చింది.

ఎండకాలం, 24వ రోజు

మద్దిలేటిని నిన్ననే దించారు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. ఎప్పుడు ఊడిందో అతనికి తెలియదు. చెప్పు లేని అరికాలు గురించి రాయలేను. చెప్పున్న కాలిది కూడా చర్మం ఊడింది. వైద్యం చేసే ఆమె కట్టు కడుతుంటే అతను మామూలుగా కూర్చుని నన్ను చూశాడు.

"నొప్పి లేదక్కా," అన్నాడు, నేనేదో భయపడుతున్నానని నాకు ధైర్యం చెబుతున్నట్టు.

నేను ఏడ్చాను. అందరి ముందూ ఏడ్చాను.

కింది వరసను రెండో నేలకు మార్చారు. మిల్లు ఆపేశారు. హెక్సేన్ గాలికి దూరంగా ఉంటే నరాలు నెమ్మదిగా కోలుకుంటాయని, నెలలు పడుతుందని, ముందు ఇంకాస్త ముదిరినా ముదరవచ్చని ఆమె చెప్పింది. కాలిన కాలికి నొప్పి తెలియడం మొదలైతే అదే మంచి గుర్తు అంది. అందరికీ తిరిగి వస్తుందా అని అడిగాను. ఆమె ఇంకో కట్టు గుడ్డ చింపింది.

నివేదిక మళ్ళీ రాశాను. దోషి పేరు అన్న చోట నా పేరే రాశాను: చౌడేశ్వరి, తేర్పుడు తొట్టి. తాళ్ళు పుల్లమ్మకు ఇచ్చేశాను.

చలినెలలు, 31వ రోజు

ఏడు నెలల తర్వాత ఈ పుస్తకం తెరిచాను. ఇప్పుడు ఇది దస్తగిరిది, ఒక్క పేజీకి అడిగి తీసుకున్నాను. మిల్లు నడుస్తోంది. తొట్టిలో వేపచెక్క బిళ్ళ, దానికి దారం. లోటు ఒకటిన్నర. ఆరేళ్ళ కిందటే వేయాల్సిన బిళ్ళ. నా వేలికి ఉన్న పేరు పోతుందని వేయలేదు.

నేను ఉమ్మడి వంటగదిలో బియ్యం ఏరుతున్నాను. రాయేదో బియ్యమేదో వేళ్ళకు తెలియదు, కళ్ళతో ఏరుతాను. రోజూ మద్దిలేటి ఇంటికి గంజి తీసుకెళ్తాను. అతను తీసుకుంటాడు. ఇన్ని నెలల్లో నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మర్యాదే నన్ను కాల్చేది.

ఈ ఉదయం వెళ్ళేసరికి లోపల గోల. పుల్లమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. మద్దిలేటి మంచం మీద కాలు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. నన్ను చూడగానే అరిచాడు.

"మండుతాండాది! కాలు మండుతాండాది! నీ ఏలు ఇరగ! నీ తొట్టి పగల! నీ నివేదికలో మన్ను పొయ్య! ఏం పాపం చేసినానే నీకు?"

గనిలో సగం మంది వచ్చి నిలబడ్డారు. ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటినుంచి తిట్టాడు. నేను గడపలో కూర్చుని, గంజి చెంబు ఒళ్ళో మడతగుడ్డ మీద పెట్టుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా విన్నాను. మధ్యలో అలిసిపోయి ఆగాడు.

"ఇంకా మండుతోందా?" అని అడిగాను.

"మండుతాందే!"

"అయితే తిట్టు," అన్నాను.

తిట్టాడు.

పుల్లమ్మ వచ్చి నా ఒళ్ళోంచి చెంబు తీసుకోబోయి, వేడికి చెయ్యి లాక్కుని చెంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు చూశాను, నా చేతులు చెంబు చుట్టూనే ఉన్నాయి. ఈసారీ నాకు తెలియలేదు.